టేపు కింద దీపం

బావకీ బావమరిదికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. బావ చేపల బోటు నడిపేవాడు, నోరు పెద్దది. బావమరిది ఒడ్డున రేడియో టవర్ దగ్గర ఆపరేటర్. ఎప్పుడూ గడియారాల వంకే చూస్తూ కూర్చుంటాడని అందరూ అతన్ని గడియారం అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడూ బావే.

చూడక ఏం చేస్తాడు? తీరం పొడవునా మూడు టవర్లు సంకేతాలు పంపుతుంటాయి. రెండు టవర్ల సంకేతాలు ఎంత తేడాతో అందాయో బోటులోని పెట్టె కొలిస్తే మ్యాపు మీద ఒక గీత దొరుకుతుంది. ఇంకో జంటతో ఇంకో గీత. రెండూ కలిసిన చోట బోటు ఉన్నట్టు. టవర్ టైము సెకనులో పది లక్షల్లో ఒక వంతు తప్పినా ఆ చోటు వందల మీటర్లు పక్కకి పోతుంది. అప్పుడు గడియారం ఒక మీట నొక్కాలి. సంకేతం ఆగి ఆగి వెళ్తుంది, బోట్లలో ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది. ఈ టవర్‌ని నమ్మకండి అని దానర్థం.

పోయిన చలికాలం ఆ దీపం చూసి బావ సముద్రంలోనే ఆగిపోయాడు. పట్టిన చేపంతా కుళ్ళిపోయింది. ఒడ్డెక్కగానే ఒంటికాలి మీద లేచాడు.

"నేను లోపలున్నానని తెలిసే నొక్కావు."

"సముద్రంలో మీరొక్కరే ఉన్నారా బావా?"

"నీ ఏడుపు నాకు తెలీదా? ఇకమీద నువ్వు కన్ను కొట్టినా నేను చూడను."

అన్నంత పనీ చేశాడు. ఆ దీపం మీద నల్ల టేపు అంటించాడు.

ఈ ఏడు పొగమంచులో టవర్ మళ్ళీ తప్పింది, గడియారం మీట నొక్కాడు. మిగతా బోట్లు లంగరు వేశాయి. బావ బోటు నేరుగా వెళ్ళి రాళ్ళెక్కింది. మనుషులు దక్కారు, బావ కాలు విరిగింది. పెట్టె సంగతి తేల్చమని విచారణ అధికారి గడియారాన్నే పిలిచాడు.

అతను బయల్దేరుతుంటే ఎదురింట్లోంచి అక్క వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆ టేపు పీకేసి, దీపం వెలగలేదని చెప్పరా. లైసెన్సు పోతే ఆయన మనిషి కాడు."

"తప్పు నా టవర్ మీదకొస్తుందక్కా."

"నీ టవర్‌కి పెళ్ళాంపిల్లలున్నారా?"

అతను చెయ్యి విడిపించుకుని బోటు దగ్గరికి నడిచాడు.

అధికారి ఇంకా బోటు నిచ్చెన ఎక్కుతుండగానే గడియారం లోపల గోటితో టేపు అంచు లేపాడు. అక్క కోసమే లేపాడు. కానీ ఆ దీపం వెలగలేదని తన నోటితో చెప్తే, రేపటి నుంచి ఏ బోటువాడూ దాన్ని లెక్కచెయ్యడు. అప్పుడు రాళ్ళెక్కేది ఒక్క బావే కాదు. బావ మీద కోపంతో పళ్ళు నూరుతూ, బొటనవేలితో టేపు మళ్ళీ అదిమాడు.

"ఇలా రండి సార్, ఇది చూడండి" అన్నాడు.

లైసెన్సు పోయింది. అక్క ఇప్పటికీ ఎదురింట్లోనే ఉంటుంది. తమ్ముడి గుమ్మం కనిపించే కిటికీకి నల్ల కాగితం అంటించుకుంది.