వాడి భుజం కొలత

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నాలుగేళ్ళ మా తమ్ముడు ఇంట్లోంచి తప్పిపోయాడు. గురజాల దగ్గర మా ఊళ్ళో అది మిరపకాయలు ఎండబోసే కాలం, అందరూ కల్లాల్లో ఉన్నారు. అమ్మ వాణ్ణి వసారాలో నులకమంచం మీద పడుకోబెట్టి, బోరింగు దగ్గర బిందె నింపుకుని వచ్చింది. మంచం మీద దుప్పటి ఉంది, వాడు లేడు. బావుల్లో దిగి చూశారు, కాలవ వెంట నడిచారు, నాపరాళ్ళు తవ్విన గుంటలన్నీ వెతికారు. పోలీసులు వచ్చి అడిగిందే అడిగి వెళ్ళారు. ఏం జరిగిందో ఈ రోజు వరకూ మాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం గురించి నేను చెప్పగలిగింది ఇంతే. వాడి చొక్కాల గురించైతే చాలా చెప్పగలను.

మరుసటి ఉగాదికి అమ్మ ఇద్దరికీ గుడ్డ తీసింది. దర్జీ ముసలాయన టేపు పట్టుకుని అమ్మ మొహం వైపు చూశాడు.

"పిల్లోడి కొలతేదమ్మా?"

అమ్మ నావైపు తిరిగింది. "ఎదురింటోడు మనోడి ఈడేగా. పోయి కొలుచుకురా."

పురికొస తీసుకెళ్ళి పొడవుకో ముడి, ఛాతీకో ముడి వేసుకొచ్చాను. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. ఎదురింటి వాళ్ళందరూ పొడుగు మనుషులు, ఆ కొలత మావాడికి ఎలా సరిపోతుంది? అదే ఈడు పిల్లల్ని ఇంకో ఇద్దర్ని కొలిచి, మూడింటిలో మధ్యది తీసుకున్నాను. భుజం మాత్రం ఎవరి దగ్గరా తీసుకోలేదు. మా నాన్న వైపు అందరివీ వెడల్పు భుజాలు. నాన్న భుజం ఆయన ఎత్తులో ఎన్నో వంతో చూసి, వాడికీ అదే వంతు వేశాను. ఐదో తరగతితో నా బడి అయిపోయింది. లెక్క నాకు ఆ పురికొస మీదే వచ్చింది.

నా లంగాకి దర్జీ టేపు తీస్తే అమ్మ ఆపింది. "దానికెందుకు? పోయినేటి లంగా ఇస్తా. రెండంగుళాలు పెంచి, మడతేసి కుట్టు. రెండేళ్ళు రావాల."

వాడి చొక్కా వాడికి సరిపోవాలి, నా లంగా రెండేళ్ళు రావాలి.

"నన్నూ కొలిపించమ్మా" అన్నాను.

"నిన్ను కొలిచేదేందే, కళ్ళ ముందే ఉన్నావుగా!"

ఇంట్లో లేనివాడి మీద అసూయ పడటం చాలా కష్టం. ఎదురుగా ఉన్న తమ్ముడైతే గిల్లవచ్చు, వాడి చేతిలోది లాక్కోవచ్చు, వాడి మీద అమ్మకి చాడీలు చెప్పవచ్చు. వీడు ఒక్క తప్పూ చెయ్యడు. పరీక్ష తప్పడు, ఎదురు చెప్పడు, అమ్మ చీరకి బురద పూయడు. ఏటా నా చేత్తోనే కొంచెం కొంచెం పెరుగుతాడు.

ఎదురింటి అత్త నవ్వేది. "ఏం వదినా, లేని పిల్లోడి చొక్కాకి జేబు గూడానా? అందులో ఏం ఏసుకుంటాడంటా?"

"ముందు నీ కొడుకు జేబు చూసుకో పో. బీడీ కట్ట దొరుకుద్ది" అనేది అమ్మ.

వాడి ఈడు పిల్లలు ఎదగడం ఆగిపోయిన ఏడు నాకు పండగలా ఉంది. "ఇంక వాడు పెరగడమ్మా. పోయినేటి చొక్కానే సరిపోద్ది" అన్నాను.

అమ్మ ఆ చొక్కా విప్పి, పొట్ట దగ్గర పట్టుకుని చూసింది. "పొట్ట రాదా?"

వచ్చింది. ఎదురింటివాడికి పెళ్ళయిన రెండేళ్ళకే వచ్చింది. దాన్నీ కొలిచాను.

నా పెళ్ళిలో ఇంకో ముచ్చట. పెళ్ళివారు బావమరిదికి బట్టలు పెట్టాలి. అబ్బాయి లేడు కదా అని వాళ్ళు తేలేదు. "మా పిల్లోడివేయి?" అని అమ్మ పీటల దగ్గరే అడిగింది. పంతులుగారు మంత్రం ఆపారు. మా మామగారు మంచివాడు, బజారుకి మనిషిని పంపించాడు. సైజెంత అని ఆ మనిషి అడిగాడు. కొబ్బరిబోండాం పట్టుకుని తలవంచుకు కూర్చున్న పెళ్ళికూతురే చెప్పాల్సి వచ్చింది.

నాన్న పోయాక అమ్మ నరసరావుపేటలో నా దగ్గరే ఉంటోంది. ఇప్పుడు నేనే కుట్టుపని చేస్తాను కాబట్టి వాడి చొక్కాలూ నేనే కుడుతున్నాను. పోయిన వేసవిలో మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. మాచర్ల అవతల ఒక ఆశ్రమంలో నలభై దాటిన మనిషి ఉన్నాడట. చిన్నప్పుడే ఇల్లు తప్పిపోయాడట. ఊరి పేరు తెలియదు గానీ మిరపకాయల కుప్పలు గుర్తున్నాయట.

అమ్మ ఆ ఏటి చొక్కా సంచిలో పెట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా సంచి ఒళ్ళోనే పట్టుకుంది. వాడే అయితే ఇక ఈ ఇంట్లో నేనెవర్ని అన్నదే నా ఆలోచన. అమ్మకి మందులు ఇచ్చేది, తల దువ్వేది నేను. అవన్నీ ఒక్క పూటలో వెనక్కి పోతాయని నాకు తెలుసు.

ఆ మనిషి వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. అమ్మ అతని మొహం కూడా సరిగా చూడలేదు. "కాలు చూపించు నాయనా" అని కింద కూర్చుంది. మావాడి ఎడమ అరికాల్లో పుట్టుమచ్చ ఉండేది. చీర కొంగుతో ఆ అరికాలు తుడిచి చూసింది. ఎందుకైనా మంచిదని కుడికాలూ చూసింది.

"కాదు" అంది.

"నేను కాదా అమ్మా?" అన్నాడతను.

"కాదు నాయనా. ఇదిగో, ఈ చొక్కా నువ్వే ఏసుకో."

నేను చేత్తో కాజాలు కుట్టిన చొక్కా అది. మా ఆయనకి కూడా అలా ఎప్పుడూ కుట్టలేదు. ఎవరికో ఇచ్చేసింది. అతను వేసుకున్నాడు. పొడవు, ఛాతీ, పొట్ట, అన్నీ సరిపోయాయి. భుజాలు మాత్రం కిందికి జారాయి.

తిరుగు బస్సులో అమ్మ మొదలెట్టింది. "ఈసారి భుజం అరంగుళం తగ్గించవే. జారతంది."

"ఎవరికి జారింది?"

"ఆ మనిషికి."

"ఆ మనిషి వాడు కాదన్నావుగా! మరి ఆయన భుజంతో మనకేం పని? వాడిది నాన్న భుజం. తగ్గించను."

నా గొంతు పెద్దదయినట్టుంది, కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ కూడా నావైపు తిరిగి, పైనుంచి కింది దాకా చూసింది.

"వాడి మీద మాట పడనీవేందే నువ్వు!"

నాకు ఒళ్ళు మండింది. నేను వాడి తరఫున మాట్లాడలేదు. కానీ వాడి కొలత నాది. వాణ్ణి ఇంతవాణ్ణి చేసింది నేను. ఎవరో దారినపోయే మనిషిని చూసి అమ్మ దాన్ని మార్చమంటే ఎలా?

ఈ ఉగాదికి నీలం గుడ్డ తెచ్చింది. భుజం పాత కొలతే వేశాను. అమ్మ చొక్కాని రెండు భుజాల దగ్గర పట్టుకుని విదిలించి చూసి, పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత నేను అద్దం ముందు నిలబడి, టేపు ఒక కొస భుజం మీద గడ్డంతో నొక్కిపెట్టి, నా జాకెట్టుకి కొలత తీసుకున్నాను.