ముహూర్తానికి తెర వెలగాలి

తొంభైల చివర్లో ఫిల్మ్ నగర్‌లోని ఒక చిన్న గ్రాఫిక్స్ కంపెనీలో నేను డ్రైవర్లు రాసేదాన్ని. కంప్యూటర్‌కీ, బొమ్మలు గీసే కార్డుకీ మధ్య మాట మోసే ప్రోగ్రాం అది. ఆపరేటింగ్ సిస్టమ్ కడుపులో, కెర్నెల్లో ఉంటుంది. అక్కడ పొరపాటు జరిగితే పోయేది ఒక్క బొమ్మ కాదు, యంత్రమంతా బిగుసుకుపోతుంది.

మా కార్డుకి పుట్టుకతోనే ఒక జబ్బు. ఒక పని ముగియకముందే ఇంకోటి చెబితే తెర నల్లబడేది. తయారుచేసినవాళ్ళను అడిగితే ఉలుకూ పలుకూ లేదు. అందుకని, చిప్పు ఫలానా నంబరుదైతే 'అయిందా' అని అడుగుతూ, అయిందనేదాకా ఆగమని డ్రైవర్లో రాశాను. రోగం పోలేదు, పథ్యం కుదిరింది.

ఇంతలో ఒక అమ్మవారి సినిమా పని వచ్చింది. కొత్త యంత్రం మీద ముహూర్తానికి అమ్మవారి బొమ్మే మొదట పడాలనీ, అప్పటిదాకా ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదనీ నిర్మాత షరతు. తెర నల్లబడితే అపశకునమని సినిమాను మద్రాసు పట్టుకుపోతారు. మా చేతిలో వేరే పని లేదు. కంపెనీ మూతపడుతుంది.

ఆ ఉదయం కార్డు బిగిస్తున్న సహోద్యోగి పిలిచాడు. "అక్కా, కార్డు గదే గానీ చిప్పు మీద నంబరు వేరే ఉంది."

పరుగున యజమాని గదికి వెళ్ళాను.

"ఒక్కసారి ఆన్ చేసి చూస్తానండీ," అన్నాను మా యజమానితో.

"వద్దమ్మా. నిర్మాతగారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా? కొబ్బరికాయ కొట్టాకే."

నాకు ఒళ్ళు మండింది. నంబరు మారింది కాబట్టి డ్రైవర్ ఆగదు. కొత్త చిప్పుకీ ఆ జబ్బుంటే యంత్రం బిగుసుకుంటుంది. పోనీ నంబరు చూడకుండా ఆగమందామంటే, అయిందని చెప్పే పద్ధతి ఈ చిప్పులో మారి ఉంటే? జవాబు రాక, అడుగుతూ అక్కడే ఉండిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చివరికి అడగడమే తీసేశాను. ప్రతి పని తర్వాతా గుడ్డిగా కాసేపు ఆగమని పాత యంత్రం మీదే ఒక డిస్కులో రాసి, ఆ డిస్కు కొత్తదానిలో పెట్టించాను. బొమ్మ నత్తనడక నడుస్తుంది. నడిస్తే చాలనుకున్నాను.

హారతి ఇచ్చి నిర్మాత స్విచ్చి నొక్కారు. మొదట తెర కాసేపు నల్లగానే ఉంటుందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆయన ముఖం చూడలేక నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

ఎవరో "అమ్మా" అన్నారు. తలెత్తాను. పైనుంచి కిరీటం గీత గీతగా దిగుతోంది. తర్వాత బొట్టు, ఆ తర్వాత కళ్ళు. నిర్మాత చేతులు జోడించారు.

"చూశారా, అమ్మ ఎంత నిదానంగా దిగి వచ్చిందో."

నేను మా యజమాని దగ్గరికి వెళ్ళి, రేపు చిప్పును పరీక్షించి ఆ ఆగడం తీసేస్తానని మెల్లగా చెప్పాను. నిర్మాతకు వినపడింది.

"తీయకండమ్మా. నా సినిమా పూర్తయ్యేదాకా ప్రతి బొమ్మా ఇలాగే రానివ్వండి. అది నాకు సెంటిమెంటు."

"అలాగేనండీ," అన్నారు మా యజమాని, నా వంక చూడకుండా.

"విడుదల తేదీ మాత్రం మారదు. పోస్టర్లు వేయించేశాం," అన్నారు నిర్మాత.

సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు, అంటే ఇరవై నాలుగు బొమ్మలు; ఒక్కొక్కటీ ఇలాగే గీయాలి. అమ్మవారి మెడలోని హారం ఇంకా సగమే పడింది. నేను కాగితం తీసుకుని, విడుదలకు ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.