మామగారి పాటకు కొత్త డబ్బా

కాఫీ బస్తాల పక్కన పాత కంప్యూటరు పెట్టి, నలభై ఎనిమిదేళ్ల వయసులో అరకులోయలోని మా ఇంట్లో సొంత సర్వరు కట్టాను. ఫొటోల యాప్‌కు ఒక డబ్బా, పాటల యాప్‌కు ఒక డబ్బా. కంప్యూటరు లోపల ఒక్కో యాప్‌ను విడిగా నడిపే ఈ సాఫ్ట్‌వేర్ డబ్బాలను కంటెయినర్లంటారు. విశాఖ పోర్టే మా ఇంటికి నడిచొచ్చిందన్నంత గొప్పలు పోయేవాణ్ని.

ఒక ఆదివారం మా అత్తగారు చింతపల్లి నుంచి జీపు లోపలా, జీపు పైనా చుట్టాలతో దిగారు. చనిపోయిన మామగారు పాడిన సామల కోత పాట వినాలని వచ్చారు. ఆ రికార్డింగు మా సర్వరులో తప్ప భూప్రపంచంలో ఎక్కడా లేదు.

ఊరికే వినిపిస్తే నా గొప్పేముంది? అందరి ముందూ పాటల యాప్‌కు కొత్త వెర్షన్ ఎక్కించాను. యాప్‌కు నోరు పడిపోయింది. వెయ్యి కళ్లు నా వీపును కాల్చాయి. ఇక ఆ కంటెయినర్‌ను తీసి పారేశాను.

"ఏటి సేసీసినావు! మా నాన్న పాట పారేసీసినావా?" మా ఆవిడ కేక తూర్పు కనుమలు దాటింది.

"డబ్బానే పారేశాను. పాట వేరే డిస్కులో ఉంది" అన్నానే గాని, నా గుండె ఘాట్ రోడ్డు మలుపులో జీపులా ఊగింది. పాత వెర్షన్‌తోనే కొత్త డబ్బా తెరిచి, ఆ డిస్కును తగిలించాను. అర నిమిషం ఆరు నెలలు సాగింది. అప్పుడు లేచింది మామగారి గొంతు!

అత్తగారు కళ్లొత్తుకుంటూ నవ్వారు. "బతికున్నప్పుడూ అంతే కదేటి అల్లుడా! మీ మావ ఒక్క పిలుపుకి ఎప్పుడు పలికీవోడు?"

ఆ లెక్కన, ఆయన్ని రెండో పిలుపుకే పలికించిన మొనగాణ్ని మా చుట్టాల్లో నేనొక్కణ్నే.