శాంతాబాయి వద్దన్న ఫొటో

నర్సింలన్న పోయిన రోజే ఆయన మాట మీరాను. పొద్దున దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది, గుండె ఆగిపోయిందని. జహీరాబాద్‌లోని నా స్టూడియో తెరిచి, ఆయన తీసిన వాటిలో అన్నిటికన్నా గొప్పదనిపించిన ఫొటోతో నివాళి ఫ్లెక్సీ వేయించి బస్టాండ్ దగ్గర కట్టించాను. వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టాను. చెరుకు చేని గట్టున కూర్చుని ఏడుస్తున్న శాంతాబాయి ఫొటో అది. బయట పెట్టొద్దని ఆమె ఎప్పుడో చెప్పిన ఫొటో.

నర్సింలన్న ఫొటోలు తీసింది ఎక్కువగా వలస కూలీలవే. మహారాష్ట్ర వైపు నుంచి ఏటా మొగుడంపల్లి చేలకు చెరుకు కొట్టడానికి వచ్చేవాళ్లవి. నా దగ్గర ప్రింట్లు వేయించుకుని, వాళ్ల గుడిసెల ముందు గోనెపట్టా మీద పరిచేవాడు. ఎవరి ఫొటో వాళ్లు చూసి సరేనంటేనే అది బయటికి వచ్చేది.

"మా ఆయనను హీరో లెక్క తీసినవ్, నన్నేమో దయ్యం లెక్క. నీ కెమెరాకు కండ్లు లేవా అన్నా?" అనేది ఒకామె.

"కెమెరాకు ఉన్నయ్ చెల్లె. నువ్వే ఆ పొద్దు మొఖం కడుక్కోలె" అనేవాడు. పట్టా చుట్టూ నవ్వులు.

శాంతాబాయి మాత్రం తన ఫొటో చూసి నవ్వలేదు. "జర దీన్ని పక్కకు పెట్టు అన్నా. ఈడ మంచిగనే ఉన్ననని ఊర్ల మా అమ్మకు చెప్పిన" అంది. ఆ ఫొటో తీసిన రోజు బిడ్డకు జ్వరమొస్తే, పని వదిలి దవాఖానకు పోవడానికి కూలీలను తెచ్చిన మేస్త్రీ ఒప్పుకోలేదు. బిడ్డ కోలుకుంది గాని ఆ సంగతి తల్లికి తెలియదు. ఇంత మంచి ఫొటోను దాచడమేమిటని నేను వాదించాను. "ఫొటో నాదే తమ్మీ. ఏడుపు ఆమెది" అన్నాడు నర్సింలన్న.

చివరి చూపుకు కూలీలు ట్రాక్టర్‌లో వచ్చారు. శాంతాబాయి బస్టాండ్ దగ్గరే, నేను నిలబడ్డ ఫ్లెక్సీ ముందు, దిగిపోయింది. "అన్న పోంగనే నీకు అడ్డం చెప్పెటోళ్లు లేకపాయె గదా" అంది నాతో. "ఊర్ల మా తమ్ముడు ఫోన్ల చూసి అమ్మకు చూపెట్టిండట. ఆమె ఫోన్ మీద ఫోన్ చేస్తున్నది. ఎత్తాలంటె భయమైతున్నది."

ఫ్లెక్సీ కోసేశాను. గ్రూపుల్లోంచి ఫొటో తీసేశాను, ఎంతమంది దాచుకున్నారో మాత్రం తెలియదు. అంత్యక్రియలయ్యాక గుడిసెల దగ్గరికి వెళ్లి, అందరి ముందు నా తప్పు ఒప్పుకున్నాను.

"మాకెందుకు చెప్తవ్? అమ్మకు చెప్పు" అని శాంతాబాయి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

నాకొచ్చిన మరాఠీలో చెప్పాను: మీ కూతురు వద్దన్న ఫొటో పెట్టింది నేను, నర్సింలన్న కాదు, క్షమించమని. ఆ తల్లి నన్ను తిట్టలేదు. మా పిల్ల ఎందుకేడ్చిందని మాత్రం అడిగింది.

జవాబు నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పాలా వద్దా అని అడగడానికి ఇక ఆయన లేడు. నర్సింలన్న లేని లోటు నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే.

ఫోన్ శాంతాబాయికి ఇచ్చాను. ఆమె దాన్ని చెవి దగ్గర పట్టుకుని, మెల్లగా "ఆయీ" అని తల్లిని పిలిచింది. మిగతావాళ్లం లేచి, మాటలు వినపడనంత దూరం పోయి కూర్చున్నాం.