నీళ్ళు పడిపోయిన ఫైనల్ లెసన్

మా బీఈడీ కాలేజీలో చదువు కంటే ముందు ఇస్త్రీ నేర్పించినారు. మగపిల్లోళ్ళకు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, బెల్టు, బూట్లు. ఆడపిల్లలకు కాటన్ చీర, జుట్టు ముడి. నా చొక్కా చేతి మడత ఎంత పదునుగా ఉండేదంటే, ఒకనాడు దాని మీద వాలిన దోమ రెండు ముక్కలై కింద పడింది. నమ్మనోళ్ళు నమ్మకపోండి. చూసినోళ్ళు ఇంకా తిరుపతిలోనే ఉండారు.

బట్టల తర్వాత గొంతు. సైన్సు ఎట్లా చెప్పాలో మాకు నేర్పించే మెథడ్ సారు సైకిల్ స్టాండు దగ్గర నిలబడేవాడు. మేము ఒక్కొక్కరమే వరండాలో నిలబడి పాఠం చెప్పాల. ఆయన చెయ్యి ఎత్తితే వినపడినట్టు, ఎత్తకపోతే ఇంటికి పొమ్మన్నట్టు. నేను గొంతెత్తితే అలిపిరిలో మెట్లెక్కుతున్న యాత్రికులు "గోవిందా" అని బదులు పలికేవాళ్ళు. ఆయన రెండు చేతులూ ఎత్తేసినాడు.

బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకు వీపు చూపించకూడదు. ఎండ్రకాయ మాదిరి అడ్డంగా నడుస్తా రాయాల. చాక్‌పీసు కీచుమనకూడదు. చార్టు వేలాడదీస్తే వంకర ఉండకూడదు. "ఉండాది, పోతాండాది" అనే మా చిత్తూరు మాటలు క్లాసులో వినపడకూడదు. మెథడ్ సారు కోస్తా మనిషి. నేను "ఉండాది" అన్నప్పుడంతా పెసలపప్పులో రాయి తగిలినట్టు మొహం పెట్టేవాడు.

వీటన్నిటికీ పైన ఒక నియమం ఉన్నింది. "తెలియదు" అనే మాట టీచరు నోట్లోంచి రాకూడదు.

"పిల్లవాడు అడిగింది మీకు తెలియకపోతే ఏం చెయ్యాలి?" అని మెథడ్ సారు మమ్మల్ని అడిగినాడు.

జవాబూ ఆయనే చెప్పినాడు.

"'మంచి ప్రశ్న, దీని గురించి రేపు చూద్దాం' అనాలి. రేపటికి వాడు మరిచిపోతాడు. మీరూ మరిచిపోవచ్చు."

ఈ నియమం నాకు బాగా నచ్చింది. తెలీదు అనే మాట పుట్టినప్పటినుంచి నా నోట్లో లేదు. ఎవరేమడిగినా నా దగ్గర జవాబు ఉండేది. అది నిజమా కాదా అనేది వేరే లెక్క. పూతలపట్టు అవతల మా పల్లెలో దారి తప్పినోళ్ళు నన్ను దారి అడిగేవాళ్ళు కాదు, నేను చెప్పే దారి అంత అందంగా ఉండేది. మా నాయన అంటా ఉండేవాడు, "వీడు అయివారన్నా కావాల, సాక్షి అన్నా కావాల. సాక్షి అయితే జైలు ఖాయం. అయివారుగా చేర్పిస్తే పోలా" అని. అట్లా చేరినాను బీఈడీ. మా ఇంట్లో అంతవరకూ అయివారు పుట్టలేదు.

ఏడాది పొడుగునా ఎన్ని పాఠ్య పథకాలు రాసినా, ఎన్ని చార్టులు గీసినా, చివర ఫైనల్ లెసన్ ఒకటి ఉంటాది. బయటి ఊరినుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఆఖరి బెంచీలో కూర్చుని ఒక్క పీరియడ్ చూస్తాడు. ఆ పీరియడ్ బాగుంటే నువ్వు అయివారువి. బాగలేకపోతే ఏడాది పోయినట్టే. ఆ ఏడాది డీఎస్సీ పడతాదని ఊరంతా పుకారు. డీఎస్సీ అంటే సర్కారు బడిలో ఉద్యోగానికి పరీక్ష. బీఈడీ చేతిలో లేనోడు దాని గడప తొక్కలేడు. కాబట్టి నా బతుకంతా ఆ ఒక్క పీరియడ్ మీద నిలబడింది.

నాకు పడిన పాఠం వాతావరణ పీడనం, ఎనిమిదో తరగతికి. మీరూ చదివే ఉంటారు. గ్లాసు నిండా నీళ్ళు పోసి, పైన అట్ట పెట్టి, తలకిందులు చేసి చెయ్యి తీసేస్తే నీళ్ళు పడవు. కిందినుంచి గాలి నెట్టి పట్టుకుంటాది. ఇంత సులువైన పాఠం చేతికొచ్చేసరికి నేను ఉద్యోగం వచ్చినట్టే నడవడం మొదలుపెట్టినాను. రూములో పక్క మంచం వాడు, తెలుగు మెథడ్ వాడు, "ఎందుకప్పా అంత రొమ్ము విరిచి నడుస్తావు, ఇంకా పాసు కాలేదే" అన్నాడు.

"నువ్వు పద్యం మరిచిపోతావేమో గానీ, గాలి నెట్టడం మరిచిపోతాదా?" అన్నాను.

చిక్కు యాడ వచ్చిందంటే, పిల్లోళ్ళతో. కాలేజీకి దగ్గర్లో ఉండే ఆ హైస్కూలుకే మా కాలేజీ వాళ్ళందరూ ఏటేటా ప్రాక్టీసుకు పోతారు. అలిపిరి దగ్గర పూలమ్మేవాళ్ళ బిడ్డలు, జీపు డ్రైవర్ల బిడ్డలు, బొమ్మలంగళ్ళ బిడ్డలు. మాలాంటి ట్రైనింగ్ సార్లను చూసి చూసి పండిపోయినారు. మా పథకంలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తాదో మాకంటే వాళ్ళకే బాగా తెలుసు. మా రూము వాడు పద్యం చెప్పి బయటికి వస్తా ఉంటే ఒకడు లేచి, "సార్, పునశ్చరణ మరిచిపోయినారు" అన్నాడంట. మావాడు వెనక్కి పోయి చేసి వచ్చినాడు.

పాఠం పేరు మేము చెప్పకూడదు. ప్రశ్నలు అడిగి అడిగి పిల్లోళ్ళ నోటినుంచే రప్పించాల. దాని పేరు ఉన్ముఖీకరణ. ఫైనల్ లెసన్ నాడు నేను టకటకమని లోపలికి పోయి, నమస్కారాలు అందుకుని, ఆఖరి బెంచీలో మోకాళ్ళు ఇరుక్కుని కూర్చున్న ఎగ్జామినర్‌ను, గోడకు ఆనుకుని నిలబడిన మెథడ్ సారును ఓరకంట చూసుకుని, మొదటి ప్రశ్న వేసినాను.

"సైకిల్ ట్యూబులో ఏముంటుంది?"

"వాతావరణ పీడనం సార్!" క్లాసంతా ఒకే గొంతు.

నేను అడగాల్సిన ప్రశ్నలు ఇంకా చానా మిగిలుండాయి. వాటితో ఏం చేసుకోవాలో తెలీక, వరసగా అన్నీ అడిగినాను. అన్నిటికీ అదే జవాబు. "స్ట్రాతో కూల్‌డ్రింకు ఎలా పైకి వస్తుంది?" "వాతావరణ పీడనం!" "మనం దేన్ని పీలుస్తాము?" "వాతావరణ పీడనం!" ముందు బెంచీ జీపు డ్రైవరు కొడుకు నా మీద జాలిపడి, "శీర్షిక రాసేయండి సార్, టైమైపోతాది" అన్నాడు.

రాసినాను. చాక్‌పీసు కీచుమనలేదు. గ్లాసు తీసినాను.

"సార్, ఇప్పుడు దాన్ని తలకిందులు చేస్తారు. నీళ్ళు పడవు" అని ఇంకొకడు. ఎగ్జామినర్ ఆవులించినాడు. నోట్లో కొండ గుహ కనపడింది.

ఒక ముక్క చెప్పాల. మామూలుగా ఈ పనికి పోస్టుకార్డు వాడతారు. నా పోస్టుకార్డు ముందురోజు సాధనలో నాని నాని అప్పడం పిండి మాదిరి అయిపోయింది. పొద్దున్నే బయలుదేరతా మా రూము కిటికీలో పడుండిన ఎవరిదో పెండ్లి పత్రిక తీసి జేబులో పెట్టుకున్నాను. మందం కాగితం, బంగారు అచ్చు, తళతళమంటా ఉన్నింది. పోస్టుకార్డు కంటే ఇదే దర్జా అనుకున్నాను. దాన్ని విప్పి, గ్లాసు మీద పెట్టి, అరచెయ్యి ఆనించి, దొమ్మరోడి మాదిరి ఒక్క తిప్పు తిప్పి, చెయ్యి తీసేసినాను.

నీళ్ళు దబ్బుమని పడినాయి.

కొంచెం కాదు. ఆ గ్లాసులో అన్ని నీళ్ళు ఎట్లా పట్టినాయో నాకిప్పటికీ అర్థం కాదు. టేబులు తడిసింది, చార్టు తడిసింది, నా ప్యాంటు తడవకూడని చోట తడిసింది. నీళ్ళు కాలవ కట్టుకుని పోయి మెథడ్ సారు బూట్ల దగ్గర ఆగినాయి. ఇన్నేండ్లలో ఎవరికీ పడని నీళ్ళు పడినాయి.

మూడో బెంచీలో పూలమ్మే ఆమె కూతురు లేచి నిలబడింది. చెయ్యి ఎత్తడం, అనుమతి అడగడం, అవేమీ లేవు.

"ఎందుకు సార్ పడినాయి?"

"మంచి ప్ర..." అన్నాను నేను.

క్లాసంతా గొల్లున నగినారు. "మంచి ప్రశ్న అంటే సార్‌కు తెలీదని మే!" అన్నాడు జీపు డ్రైవరు కొడుకు ఆ పిల్లతో. ఆ తలుపు అట్లా మూసుకుపోయింది.

నాకు ఇంకో తలుపు ఉన్నింది కదా. నాలుక మీద కతలు క్యూలో నిలబడినాయి. ఈ పొద్దు కొండ మీద జనం ఎక్కువ, ఉన్న గాలంతా వాళ్ళే పీల్చేసినారని చెప్పొచ్చు. పెండ్లి పత్రిక కదా, ముహూర్తం కుదరలేదని చెప్పొచ్చు. చెప్పి ఉంటే నగేవాళ్ళు, పీరియడ్ గడిచిపోయేది. ఆ పిల్ల మాత్రం నగలేదు. నా మొహం వైపే చూడలేదు. టేబులు మీద నీళ్ళను చూస్తా, నొసలు ముడిచి, నిలబడే ఉండాది. ఆ నొసటి ముడి మీద కత చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నాకు తెలీదు" అన్నాను.

గోడ దగ్గర మెథడ్ సారు దగ్గినాడు. నా ఏడాది ఆ దగ్గుతో పోయిందనుకున్నాను. పోయింది ఎటూ పోయింది, ఇంక భయమెందుకని చొక్కా చేతులు పైకి మడిచినాను.

"ఎందుకై ఉంటాది? చెప్పండ్రా."

"చెయ్యి బిన్నా తీసేసినారు సార్!"

"గ్లాసుకు బీట ఉండాదేమో!"

"నీళ్ళు జాస్తి అయినాయి!"

"రారా, నువ్వు నిదానంగా తియ్యి" అని జీపు డ్రైవరు కొడుకును పిలిచినాను. ఇంకొకడు బకెట్ తెచ్చినాడు. డ్రైవరు కొడుకు తాబేలు మాదిరి నిదానంగా తీసినాడు. పడినాయి. ఒకమ్మాయి తన క్యారియర్‌లో గ్లాసు తీసి ఇచ్చింది. పడినాయి. నీళ్ళు తగ్గించి చూసినాము. పడినాయి. బెంచీలు ఖాళీ అయినాయి. క్లాసంతా టేబులు చుట్టూ ఉండాది.

"అయితే అట్టదే తప్పు!" అన్నాడొకడు.

"ఎవరి పెండ్లి సార్ ఇది?" అని ఇంకొకడు.

"నీది కాదులే, గమ్మునుండు."

పూలమ్మే ఆమె కూతురు పత్రిక తీసుకుని, వేలితో నిమిరి, గ్లాసు అంచుకు పెట్టి, కన్ను దగ్గరికి తెచ్చి చూసింది. "సార్, మధ్యలో మడత ఉండాది. నీళ్ళ బరువుకు ఈడ తలుపు మాదిరి వంగిపోతాంది. ఈ సందులో గాలి దూరతాంది."

"దూరితే ఏమి? గాలే కదా మే నెట్టేది?" అన్నాడు జీపు డ్రైవరు కొడుకు.

ఆ పిల్ల పత్రికను మడత దగ్గర వంచి పట్టుకుంది. "లోపలా గాలే, కిందా గాలే అయిపోతే, ఎవురు ఎవుర్ని నెట్టాల?"

నేను చూసిన గైడులన్నిటిలో ఈ సంగతిని ఇంత సులువుగా రాసినోడు లేడు.

ఎవరిదో పరీక్ష అట్ట తెచ్చినారు, మడత లేనిది. గ్లాసు మీద పెట్టి ఆ పిల్లే తిప్పింది. చెయ్యి తీసింది. ఒక్క చుక్క రాలలేదు. అందరికీ ముందే తెలిసిన సంగతికి ఆ క్లాసు వేసిన కేకకు పక్క క్లాసులో అటెండెన్సు ఆగిపోయింది. అంతలో బెల్లు కొట్టినారు.

చూస్తే ఎగ్జామినర్ టేబులు దగ్గరే ఉండాడు. ఎప్పుడు లేచి వచ్చినాడో తెలీదు. నా పథకం తిరగేస్తా అడిగినాడు, "ఇదంతా ఇందులో ఉందా?"

"లేదు సార్. నీళ్ళు నన్ను అడక్కుండా పడినాయి."

"బోర్డు సారాంశం రాయలేదు. ఇంటిపని ఇవ్వలేదు. పునశ్చరణ ఏదీ?"

"రెండు గ్లాసులతో చేసినాము కద సార్!" అని పిల్లోళ్ళే జవాబు చెప్పినారు.

బయటికి వచ్చినాము, ముగ్గురమూ. నా ప్యాంటు ఇంకా నీళ్ళు కారస్తానే ఉన్నింది. మెథడ్ సారు బూటు విదిలించి, "'తెలియదు' అన్నాడండీ. నేను నేర్పలేదు" అన్నాడు.

"మీరు నేర్పలేదని తెలుస్తానే ఉండాది" అన్నాడు ఎగ్జామినర్. అప్పుడు తెలిసింది నాకు, ఆయనా మా వైపు మనిషేనని. "ఈ గ్లాసు పాఠం చూసి చూసి నాకు విసుగొచ్చిందయ్యా. తిప్పుతారు, పడవు, పిల్లోళ్ళు నిద్రపోతారు. నేను వాళ్ళకంటే ముందు నిద్రపోతాను. ఈ పొద్దు నిద్ర రాలేదు." నా వైపు తిరిగి, "పాసేలే, పో" అన్నాడు.

ఎన్ని మార్కులని నన్ను అడగొద్దండి. ఊర్లో ఒక్కొక్కరికి ఒక్కో అంకె చెప్పినాను. ఏదీ తక్కువ చెప్పలేదు.

నాలుగడుగులు వేసినాక ఆయన ఆగినాడు. "అవునబ్బీ, గ్లాసులో సగమే నీళ్ళు పోసి తిప్పితే? పైన సగం గాలి లోపలే ఉంటాది కదా. అప్పుడు పడతాయా, పడవా?"

"తెలీదు సార్" అన్నాను. రెండోసారి నోరు నొప్పి పుట్టలేదు.

"నాకూ తెలీదు. ఎవుర్నీ అడగలేదు ఇన్నాళ్ళు, మనల్ని ఏమనుకుంటారో అని."

"పడతాయి. అందులో సందేహమే లేదు" అన్నాడు మెథడ్ సారు.

"పడవు" అన్నాను నేను, పాసైన ధైర్యంతో.

నేను లోపలికి పరిగెత్తి గ్లాసూ పరీక్ష అట్టా తెచ్చినాను. బడి కొళాయి దగ్గర ముగ్గురమూ వంగినాము. సగం పట్టి, అట్ట పెట్టి, ఎగ్జామినరే తిప్పినాడు. చెయ్యి తీసే ముందు, "రవంత ఎనక్కి జరగండప్పా" అన్నాడు. మెథడ్ సారు అందరికంటే ఎక్కువ దూరం జరిగినాడు.

పడలేదు.

"ఎందుకు పడలేదు?" అన్నాడు ఎగ్జామినర్, గ్లాసు అట్లాగే పట్టుకుని. మెథడ్ సారు ఒకటి చెప్పినాడు, నేనొకటి చెప్పినాను, ఆయన రెండూ కాదన్నాడు. బడి ముందర బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఎవరమూ తల తిప్పలేదు. ఆయన ఎక్కాల్సిన బస్సు ఆయన లేకుండానే వెళ్ళిపోయింది.