మూడో రాజు

హైదరాబాదులో రెండేళ్లు నాటకరంగం చదువుకుని వనపర్తికి తిరిగొచ్చేసరికి నాకు ఇరవై అయిదేళ్లు. అక్కావాళ్లింట్లో ముందుగది నాకిచ్చారు. మొదటి రోజే బావ అడిగాడు, ఇంతకూ ఏం చదివినవని. డైరెక్షన్ అన్నాను.

"సినిమలకా?"

"కాదు బావా, నాటకాలకు."

బావ టీవీ సౌండు కొంచెం పెంచాడు. ఆయన మీద నాకు కోపం రాలేదుగానీ ఆ సౌండు మీద మాత్రం వచ్చింది.

మా దిక్కున నాటక దర్శకుడి కోసం ఎవరూ కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడటం లేదని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. గద్వాలలో, నాగర్‌కర్నూలులో కాలేజీ లెక్చరర్ల చుట్టూ తిరిగాను. అందరూ మంచివాళ్లే, చాయ్ తాగించి పంపారు. చివరికి దొరికింది ప్రభుత్వ శాఖల ప్రచార నాటకాలు. పోలియో చుక్కలు, మరుగుదొడ్లు, ఇంకుడు గుంతలు, ఎయిడ్స్. నలుగురం మనుషులం, ఒక డప్పు, ఒక పాత జీపు. పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఇంకో ఊరు, సాయంత్రం మూడో ఊరు. పావుగంట నాటకం ఆడటం కష్టం కాదు. ఆడామని పంచాయతీ సెక్రటరీ చేత సంతకం పెట్టించి ముద్ర వేయించుకోవడం కష్టం. ఆ ముద్ర కోసం ఆయన ఇంటికి పోయాం, పొలానికి పోయాం, ఒకసారి ఆయన మరదలి పెళ్లికి కూడా పోయాం. ఇటిక్యాల బస్టాండులో ఎయిడ్స్ నాటకం అయిపోయాక ఒక పెద్దాయన నా భుజం తట్టి, "మస్తు చెప్పిండ్రు గని, మందేది సారూ?" అన్నాడు. ఆయన అంతసేపూ నిలబడింది మేము మందులమ్ముతామని.

అట్లా రెండేళ్లు తిరిగాను. ఒళ్లు హూనమైతే మనిషికి నిద్రన్నా పడుతుంది. నాకు అదీ పట్టేది కాదు. ఇన్ని వందల ఆటలు ఆడి, ఇది నా నాటకం అని చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. చదివింది ఇందుకేనా అని నాలో నేనే గొణుక్కునేవాణ్ని.

అప్పుడే రాజోలి దగ్గరి ఒక ఊరి నుంచి కబురొచ్చింది. ఆ ఊరి రైతులు తాతల కాలం నుంచి పద్యనాటకం ఆడతారు. నాగర్‌కర్నూలులో పద్యనాటకాల పోటీలు పెడుతున్నారని, చదువుకున్న సారు ఒకాయన ఉండి నేర్పితే బాగుంటుందని వాళ్ల ఆలోచన. నేను ఎగిరి గంతేశాను. ఆ ఒక్క నాటకం సరిగ్గా చేస్తే నేను దర్శకుణ్నని నలుగురికీ తెలుస్తుంది. బావకు కూడా.

ఆ ఊళ్లో నాటకమంటే తెల్లవార్లూ సాగేది. రాజ్యం పోగొట్టుకుని అడవుల పాలైన ఒక రాజు కథ. ఆ రాజు వేషం ఒక్కరు వేయరు, ముగ్గురు వేస్తారు. సింహాసనం మీద కూర్చున్నంతసేపు మొదటి రాజు. యుద్ధంలో ఓడేదాకా రెండో రాజు. అడవిలో తిరిగేది మూడో రాజు. ఒకాయన లోపలికి పోయి కిరీటం తీసి ఇంకొకాయన నెత్తిన పెడతాడు, ఆయన అవతలి పక్కనుంచి వస్తాడు. మొదటాయన నల్లగా, పొడుగ్గా ఉంటాడు, రెండో ఆయన ఎర్రగా, పొట్టిగా. చూసేవాళ్లకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. కొత్త రాజు వచ్చినప్పుడల్లా ఈలలు వేస్తారు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. వేషం కావాలని అందరూ పోట్లాడకుండా రాజును పెళ్లి లడ్డూల్లా పంచుకున్నారని అనుకున్నాను. పోటీలో ఉండేది రెండు గంటలే. రెండు గంటల్లో ముగ్గురు రాజులా? జడ్జీలు నవ్విపోతారు.

మూడో రాజు ఆ ఊరి దర్జీ. యాభై దాటిన మనిషి, సన్నగా, కొంచెం గూని. ఊరంతా చాచా అనేవాళ్లు. నాటకానికి కావలసిన బట్టలన్నీ ఆయనే కుట్టేవాడు. పొద్దస్తమానం అరుగు మీద మిషను తొక్కుతూ పద్యం పాడుకునేవాడు. అడవిలో రాజు తప్పిపోయిన బిడ్డను తలుచుకుని ఏడ్చే పద్యం అది. రాగం తీసేటప్పుడు కాలు ఆగేది, మిషను ఆగేది, దారిన పోయేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగేవాళ్లు. ఆ ఊళ్లో అడుగుపెట్టిన రోజే నేనూ ఆగి విన్నాను. బాగుందనిపించింది. అయినా నేను చదువుకున్నవాణ్ని కదా.

మర్నాడు సాయంత్రం బడి వరండాలో అందర్నీ కూర్చోబెట్టి అరగంట ఉపన్యాసమిచ్చాను. పాత్రకు ఒకే శరీరం, ఒకే ఊపిరి ఉండాలన్నాను. మాటలు కోసి, పద్యాలుంచి ఆటను రెండు గంటలకు తెస్తానన్నాను. ఇకమీద రాజు ఒక్కడే అన్నాను. ఒక పత్తి రైతును ఎంచుకున్నాను. ముప్పై ఏళ్లవాడు, మంచి ఎత్తు, వేషం కడితే కళ్లు తిప్పుకోలేం. అదివరకు మొదటి రాజు వేసినాయన మంత్రి అయ్యాడు, రెండో రాజు శత్రురాజు అయ్యాడు. చాచాకు ఏమీ మిగల్లేదు. "మీరు బట్టల సంగతి చూసుకోండి చాచా" అన్నాను. ఆయన తలూపాడు.

ఎవరూ ఎదురు చెప్పలేదు. హార్మోనియం మాస్టరు ఒక్కడే లేస్తూ లేస్తూ అన్నాడు.

"ఇన్ని పద్యాలు ఒక్క గొంతు మొయ్యదు సారూ."

"సాధన చేస్తే మోస్తుంది మాస్టారూ."

ఆయన నన్నోసారి చూసి పెట్టె మూత వేశాడు. అది ఆయన కుళ్లు అనుకున్నాను.

తెల్లారి చాచా నేనుండే గదికి వచ్చాడు. మెడలో టేపు అట్లే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, ఒక్క మాట. రాజు మొత్తం ఆ పిల్లగాడే చేయనీ. నేను అడ్డం వస్తలేను. గా అడవి పద్యం ఒక్కటి నాకిడిసిపెట్టుండ్రి."

"అట్లా ఎట్లా అవుతుంది చాచా? చివర్లో మనిషి మారితే పాత్ర తెగిపోతుంది."

"గిన్నేండ్ల సంది తెగలే కదా సారూ."

 ఆయన గడప దగ్గర నిలబడి ఇంకో మాట అన్నాడు.

"గా పద్యానికే ఊర్లె నన్ను రాజా అని పిలుస్తరు. అది తీస్తే నేను ఉత్త దర్జీనే. జర ఆలోచన చేయుండ్రి."

ఆలోచిస్తానన్నాను. ఆలోచించలేదు. ఒకరికి లొంగితే రేపు అందరూ వచ్చి కూర్చుంటారని భయం. దర్శకుడన్నవాడు గట్టిగా ఉండాలని ఎక్కడో విన్నాను, దాన్నే పట్టుకు వేలాడాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. ఒక్క పద్యం అడిగాడు మనిషి.

నెల రోజులు రిహార్సల్సు నడిచాయి. పత్తి రైతు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మొత్తం పద్యాలు పాడాలి. నేను దగ్గర కూర్చుని పాడించేవాణ్ని. నడక నేర్పాను, చూపు నేర్పాను, ఎక్కడ ఆగాలో సుద్దముక్కతో నేల మీద గీసి చూపాను. చాచా మధ్యలో వచ్చి రాజు భుజాల కొలతలు తీసుకుని పోయేవాడు. ఆయన అరుగు ముందు నుంచి రోజూ నడిచేవాణ్ని. మిషను చప్పుడు వినపడేది. పద్యం వినపడేది కాదు. నేను గమనించాను, గమనించి నడిచిపోయాను.

పోటీలు నాగర్‌కర్నూలులో ఒక ఫంక్షన్ హాల్లో. మా నాటకం పదకొండు గంటలకు. ముందురోజే బయలుదేరితే బాగుండేది, కానీ పొద్దున్నే రెండు జీపుల్లో కుక్కుకుని పోయాం. దారి పొడుగునా దుమ్ము. పోతూ పోతూ కూడా నేను ఊరుకోలేదు, పత్తి రైతు చేత అడవి పద్యం రెండుసార్లు పాడించాను. చాచా కూడా వచ్చాడు. వేషాలు ఎక్కడన్నా పిగిలితే కుట్టడానికి చొక్కా కాలరులో సూదీదారం గుచ్చుకుని, వెనక సీట్లో మూటల మధ్య కూర్చున్నాడు.

మొదటి గంట బాగా నడిచింది. మా రాజు వచ్చి నిలబడితే హాలంతా చప్పట్లు. జడ్జీల్లో ఒకాయన ముందుకు వంగి కూర్చున్నాడు. నేను పక్కన తెర చాటున నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాను. యుద్ధం సీనులో ఒక పద్యం చివర రాజు గొంతు జీరపోయింది. తర్వాతి పద్యంలో పై స్థాయికి పోయేచోట గాలి వచ్చిందిగానీ మాట రాలేదు. మాస్టరు శ్రుతి తగ్గించాడు. అయినా లాభం లేదు. ఓడిపోయిన రాజు లోపలికి వచ్చి గొంతు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"అయితలేదు సార్" అన్నాడు. ఆ రెండు మాటలు కూడా సరిగ్గా వినపడలేదు.

ఒక్కొక్క రాజుకు ఎన్ని పద్యాలో, ఎందుకు అన్నే ఉండేవో అప్పుడు తెలిసింది నాకు. వాళ్లు వేషాన్ని పంచుకోలేదు, బరువును పంచుకున్నారు. మాస్టరు చెప్పనే చెప్పాడు. అది కుళ్లు అనుకున్నది నేను.

స్టేజీ మీద శత్రురాజు ఉన్న మాటలనే తిప్పి తిప్పి చెబుతూ కాలం గడుపుతున్నాడు. నేను చాచా దగ్గరికి పరుగెత్తాను. ఆయన మూలన కూర్చుని ఎవరిదో తలపాగా కుడుతున్నాడు.

"చాచా, మీరు ఎక్కండి."

ఆయన సూది ఆపాడు.

"నేనా? నెల దినాలైంది సారూ పద్యం నోట్ల పెట్టక."

"మీకు రాని పద్యమా? ఎక్కండి, టైం లేదు."

ఆయన మాస్టరు వైపు చూశాడు. మాస్టరు రమ్మన్నట్టు తలూపాడు. కిరీటం మేమే పెట్టాం, భుజాల మీద శాలువా కప్పాం, రంగు పూయడానికి వ్యవధి లేదు.  ఇరవై ఏళ్లుగా వేసిన వేషమే, అయినా చాచా మొదటి మాట ఏదని మాస్టరును అడిగాడు.

ఆయన వెళ్లి నిలబడ్డాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఈయన ఎవరని ఎవరూ అడగలేదు. పొడుగాటి రాజు పోయి గూని రాజు వస్తే, అడవిలో రాజు ఇట్లే అవుతాడు కదా అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. నా ఒకే శరీరం, ఒకే ఊపిరి ఎవరికీ అక్కరలేకపోయింది.

పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం వచ్చింది. నేను ఆ అరుగు ముందు ఆగి విన్న గొంతే. రెండో పాదంలో మాట జారింది. మాస్టరు అందించాడు. అందుకున్నాడుగానీ ఊపిరి చాలక రాగం మధ్యలో తెగింది. దగ్గు వచ్చింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ తెగింది. మూడో పాదం వదిలేసి నాలుగోది పాడి, కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. అది నాటకంలో లేదు. జనం పాపం చప్పట్లు కొట్టారు. పెద్దమనిషిని చూసి కొట్టే చప్పట్లు.

మాకు ఏ బహుమతీ రాలేదు. అందుకు నేను ఎక్కువ బాధపడలేదని చెబితే అబద్ధం. సాయంత్రం తిరుగుదారి పట్టాం. పత్తి రైతు గొంతుకు తువ్వాలు చుట్టుకుని నిద్రపోయాడు. అలంపూర్ చౌరస్తా దగ్గర చాయ్ కోసం జీపులు ఆపారు. నేను ఒక్కణ్నే బానెట్‌కు ఆనుకుని నిలబడితే చాచా వచ్చాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు.

"మాఫ్ చెయ్యి సారూ" అన్నాడు. మొదటిసారి నన్ను ఏకవచనంలో పిలిచాడు. "నీ నాటకం నేనే ఖరాబ్ చేసిన. గింత పెద్ద అవకాశమిస్తివి, పద్యం మర్చిపోతి. ఇగ నేను నాటకంలకు రాను. నాకు ఇజ్జత్ లేదు."

చెప్పాల్సిన మాట నా నోటిదాకా వచ్చింది. తప్పు నాది చాచా, మీ పద్యం నేను తీసేసుకున్నాను, ఆ నెల రోజులూ మీ నోరు మూయించింది నేను. ఆ మాట అంటే ఆయన ఆ పూట ఇంటికి వేరే మనిషిగా పోయేవాడు. మళ్లీ మిషను ముందు పాడేవాడేమో. కానీ పక్కన చాయ్ తాగుతూ మిగతావాళ్లు ఉన్నారు, వాళ్లందరికీ నేను సారును. రెండేళ్ల అలసటంతా కలిసి నా నాలుకను పట్టుకుంది అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అలసట కాదు అది, అహంకారం.

ఆయన చేతి మీద చెయ్యి వేసి, "పర్వాలేదు లెండి చాచా" అని ఆయన్ని మాఫ్ చేశాను.