పచ్చ గళ్ల పట్టిక

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, పట్టికలోకి ఎక్కించలేని బాధంటూ ఉండదని నమ్మేవాణ్ణి. గర్భిణుల ఫోన్లకు వారానికి రెండుసార్లు ఆరోగ్య పాఠాలు వినిపించే చిన్న సంస్థ మాది, ఆఫీసు తిరువళ్లూరులో. భయం వేస్తే ఊపిరి ఎలా తీసుకోవాలి, నిద్ర పట్టకపోతే ఏం చెయ్యాలి, ఎప్పుడు నర్సుకు చెప్పాలి, అన్నీ రెండేసి నిమిషాల్లో. పాఠాలు మా సంస్థ డాక్టరమ్మవి, పంపే ప్రోగ్రాము నాది. చివరిదాకా వింటే పట్టికలో వాళ్ల గడి పచ్చగా మారేది, మధ్యలో ఆపేస్తే ఎర్రగా.

తిరుత్తణిలో ఉండే మా అక్కను మొదటి వరుసలోనే చేర్చాను. అంతకు ముందు ఏడాది ఐదో నెలలో ఆమెకు బిడ్డ పోయింది. మళ్లీ నెల తప్పినప్పటి నుంచి ఆమె నవ్వడం మానేసిందని అమ్మ చెబుతూనే ఉంది. అక్క గడి మాత్రం ఒక్క వారం కూడా తప్పకుండా పచ్చగా ఉండేది. (మీటింగులో ఆ వరుసను రెండుసార్లు చూపించి మెప్పు పొందాను.) ఇక వెళ్లి చూడాల్సిన పనేముంది అనుకున్నాను.

అక్కకు మళ్లీ ఐదో నెల నడుస్తుండగా ఒక ఆదివారం వెళితే, చిక్కిపోయి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"పాఠాలు బాగుండాయా అక్కా?"

"యా పాఠాలురా?"

"ఫోన్లో వస్తాయే, ఊపిరి తీసుకునేది."

"నాకు ఫోన్ యాడుంది? గ్యాసుకి మీ బావ నంబరే, రేషనుకి ఆయన నంబరే. నువ్వు మాత్రం వేరేది రాసింటావా?"

రాయలేదు. నా ఫోన్లో 'అక్క' అని ఉన్నది ఎప్పుడూ బావ నంబరే. దానికి చేసి "అక్కకియ్యి బావా" అనడం నాకు ఎన్నేళ్ల అలవాటో.

వాకిట్లో చెప్పులు విడుస్తున్న బావ తల వంచుకున్నాడు. "నేనే విన్నా. పట్టాభిరామ్‌కి పనికి పోయే రైల్లో."

"అన్నీనా? అక్కకి చెప్పొచ్చు కదా."

"చెప్తే పోయినసారిది గుర్తొస్తాదని. నాకే భయమేస్తాండె. అది వింటే రవంత తగ్గతాండె."

అక్క ఆయన్నే చూసింది. "ఎడమ పక్కకి తిరిగి పండుకోమని దినామూ చెప్తివే, అది దాంట్లోదా? కొండమీద గుళ్లో అయ్యవారు చెప్పినాడంటివి."

"అయ్యవారంటే వింటావని."

అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "నీకూ భయమేనా? నాకొక్కదానికే అనుకుంటి కదయ్యా."

ఆ సాయంత్రం ఫోన్ మధ్యలో పెట్టుకుని ముగ్గురం ఊపిరి తీసి వదిలాం. భయం పోలేదు. పాప నెల ముందే పుట్టింది, పది రోజులు అద్దాల పెట్టెలో ఉండి ఇంటికి వచ్చింది. ఆ పది రోజులూ ఆసుపత్రి వరండాలో వాళ్లిద్దరూ అలాగే కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకున్నారు.

ఆ పట్టిక నా దగ్గర ఇంకా ఉంది. పచ్చ గళ్లు చూసి మురిసిపోయిన ఆ కుర్రాడి మీద ఇప్పుడు కోపం కూడా రాదు. నా ఫోన్లో ఇప్పుడు 'అక్క' అంటే అక్కకు కొన్న కొత్త ఫోన్ నంబరే. చేస్తే మాత్రం ఎత్తేది బావే.